రెండంగుళాల ఖాళీ

టీ కప్పును ముందు గది గుమ్మం దగ్గర నేల మీద పెట్టి, పిడి తలుపు వైపుకి తిప్పి, క్లిఫర్డ్ నట్టాల్ ఒక్కసారి దగ్గాడు. లోపలి నుంచి "ఆఁ" అని వినిపించింది. ఆ ఇంట్లో తెల్లవారడమంటే అదే. అతను చప్పుడు చేయకుండా మెట్లు దిగి వంటింట్లోకి వచ్చి, వెనక తలుపు పక్కన మేకుకి వేలాడుతున్న పని కోటు తీసి జేబులు తడుముకున్నాడు. రాత్రి కురిసిన వానకి పెరడంతా తడిగా మెరుస్తోంది. లోయలో ఉన్న ఆ వాటర్‌ఫుట్ ఊళ్ళో వరసగా రెండు రోజులు వాన పడకపోతే జనం ఏదో కీడు జరగబోతోందన్నట్టు ఆకాశం వైపు చూస్తారు. పైకప్పులు వేసే క్లిఫర్డ్‌కి మాత్రం ఆ వానే ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది.

అరవై దాటిన మనిషి, ఆరడుగుల పైచిలుకు పొడుగు. చిన్నప్పటి నుంచీ వాలు కప్పుల మీద వంగి పనిచేసి భుజాలు ముందుకి వచ్చేశాయి. మోకాళ్ళు రెండూ ఎప్పుడూ వాచినట్టే ఉంటాయి. చేతి గోళ్ళలో ఏదో ఒకటి సుత్తి దెబ్బకి నల్లగా ఉంటుంది. అది ఊడి కొత్తది వచ్చేలోగా ఇంకోటి నల్లబడుతుంది. మూగవాడేం కాదు. అడిగితే చెబుతాడు. అడిగినదానికి మాత్రమే చెబుతాడు. ఎదుటివాళ్ళు ఎందుకు అడుగుతున్నారో ఆలోచించే అలవాటు అతనికి పుట్టుకతో రాలేదు, తర్వాత ఎవరూ నేర్పలేదు.

ఆ ఇంటికి అతను మొదట వచ్చింది పైకప్పు మీద జారిన రాతి పలక ఒకటి సరిచేయడానికి. అప్పటికి నోరీన్ యాష్‌వర్త్ భర్త రెజ్ పోయి ఒక చలికాలం గడిచింది. క్లిఫర్డ్ తల్లి కూడా ఆ ఏడే పోయింది, ఆమె పేరు మీదున్న అద్దె ఇల్లు చేజారింది. పని అయ్యాక నోరీన్ టీ ఇస్తూ ఎక్కడుంటున్నారని అడిగింది. ఎక్కడా లేదని చెప్పాడు. వెనక గది ఖాళీగా ఉంది, ఏదైనా దొరికేదాకా ఉండొచ్చంది. ఆ "దొరికేదాకా" అనే మాటని తర్వాత ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. జుట్టు నెరిసింది, పళ్ళు కట్టించుకున్నారు, నోరీన్ పనిచేసే చెప్పుల ఫ్యాక్టరీ మూతపడింది. క్లిఫర్డ్ ఇంకా వెనక గదిలోనే ఉన్నాడు.

నోరీన్ పాలవాణ్ణి నాయనా అంటుంది, ఉత్తరాలు తెచ్చేవాణ్ణి నాయనా అంటుంది, గ్యాసు మీటరు చూడ్డానికి వచ్చిన, మూతి మీద మీసం మొలవని పిల్లాణ్ణి కూడా నాయనా అనే అంటుంది. ఇతన్ని మాత్రం మిస్టర్ నట్టాల్ అంటుంది. అతనూ మిసెస్ యాష్‌వర్త్ అనే అంటాడు. వీధిలోవాళ్ళు మొదట్లో ఇది చూసి మోచేతులతో పొడుచుకుని నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకి నవ్వడం కూడా విసుగొచ్చి మానేశారు.

ఆ శనివారం పొద్దున నోరీన్ తలకి రోలర్లు చుట్టుకుని, పైన గుడ్డ కట్టుకుని కిందికి వచ్చింది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, కుదురుగా నిలబడని కాళ్ళు. చెప్పుల అరికాళ్ళు కుట్టి కుట్టి వేళ్ళ చివర్లు గట్టిపడి, వేడి పెనాన్ని ఉత్త చేత్తో పట్టుకోగలదు. రోలర్లు చూసి క్లిఫర్డ్, ఈవిడ ఎక్కడో పెళ్ళికి వెళ్తోంది కాబోలు అనుకున్నాడు. ఆవిడ పొయ్యి దగ్గరే, ఇటు తిరక్కుండా మాట్లాడింది.

"డారెన్ మధ్యాహ్నం వస్తాట్ట. సోమవారం పని మొదలెట్టాలంటే ఇవాళ తేల్చమంటున్నాడు. పైన ఆ తారుపట్టా ఉంచాలా తీసెయ్యాలా అని. నాకేం తెలుసు, మిస్టర్ నట్టాల్? మీరెలా అంటే అలా."

"చూసి చెప్తానండీ."

"చూడండి. బాగా చూసి చెప్పండి."

సంగతేమిటంటే, ప్రెస్టన్‌లో కూతురు జానిస్ కాపురం చెడింది. ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వేసవికల్లా పుట్టింటికి వచ్చేస్తోంది. మేడ మీద ఉన్నవి రెండే గదులు. ముందు గది నోరీన్‌ది. వెనక గది జానిస్ పుట్టి పెరిగిన గది, అది ఆమెకి ఇవ్వడం న్యాయం. అందుకే డారెన్ మేస్త్రీ చేత అటకని గదిగా మార్పించాలని నోరీన్ నిశ్చయించింది. అక్కడ పెద్ద మనిషి నిటారుగా నిలబడేంత ఎత్తు వస్తే క్లిఫర్డ్ పైకి మారొచ్చు, పిల్లలు అమ్మమ్మ దగ్గర పడుకుంటారు. ఎత్తు రాకపోతే అది పిల్లల గది అవుతుంది, క్లిఫర్డ్ వేరే చోటు వెతుక్కోవాలి. ఇంత వివరంగా ఎవరూ ఎవరితోనూ అనలేదు. "ఎత్తు ఎంతొస్తుందో చూసి, ఎవరెక్కడో అప్పుడనుకుందాం" అని నోరీన్ ఒకసారి బట్టలు ఆరేస్తూ అంది. క్లిఫర్డ్ తలూపాడు. ఆ రాత్రి మంచం మీద పడుకుని మిగతాదంతా తనే అల్లుకున్నాడు.

ఎత్తు సంగతి తారుపట్టా చేతిలో ఉంది. పలకల కింద, వాసాల మీద పరిచే ఆ నల్లపట్టా వాన నీటిని లోపలికి రానివ్వదు, లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. దాని కింద చలి ఆపే దిమ్మలు అమర్చాలంటే మధ్యలో గాలి ఆడటానికి రెండంగుళాల ఖాళీ వదిలి తీరాలి, లేకపోతే చెమ్మ పట్టి వాసాలు కుళ్ళుతాయి. అలా వదిలిన రెండంగుళాల మేరా గది లోకప్పు కిందికి దిగుతుంది. పట్టా లాగేసి, ఇప్పుడు వస్తున్న ఆవిరి వదిలే రకం పరిస్తే ఆ ఖాళీ అక్కర్లేదు. కానీ దానికి ఇంటి మీది పలకలన్నీ దించాలి, ముందూ వెనకా పరంజా కట్టాలి, మళ్ళీ పలకలు ఎక్కేదాకా వాన దేవుడికి దణ్ణం పెడుతూ కూర్చోవాలి. రెండూ సబబైన పద్ధతులే. ఏది మేలన్న దాని మీద పబ్బులో గ్లాసులు విసురుకున్న పనివాళ్ళున్నారు.

ఆ పూట క్లిఫర్డ్‌కి లోయ అవతలి గట్టు మీద ఒక పొగగొట్టం పని ఉంది. పాత సీసపు రేకు ఊడదీసి కొత్తది కొట్టాలి. నిచ్చెన ఎక్కి కప్పు కొప్పు మీద కాళ్ళు చెరోవైపు వేసి కూర్చుంటే, ఎదురుగా నోరీన్ వాళ్ళ వీధి మొత్తం కనిపిస్తుంది. ఒకదాని భుజానికొకటి ఆనుకున్న రాతి ఇళ్ళు, వాటి మధ్యలో నోరీన్ ఇంటి నీలి పలకలు. రెజ్ పురపాలక సంఘంలో వడ్రంగి. ఒక వేసవిలో మిల్లులన్నీ మూసిన సెలవు వారంలో ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని ఆ కప్పు మొత్తం తిరగవేశాడట. వరసలు తీర్చి దువ్వినట్టున్నాయి. క్లిఫర్డ్ ఆ కప్పుని ఎన్నిసార్లు చూశాడో, చూసినప్పుడల్లా పోయినవాడి పనితనాన్ని మెచ్చుకున్నాడు. మెచ్చుకోవడం వెనకే ఇంకోటి కూడా ఉండేది. దాని పేరు అసూయ అని ఒప్పుకోవడానికి అతనికి చాలా ఏళ్ళు పట్టింది.

రేకు మడుస్తూ అతను బ్లాక్‌పూల్ సంగతి తల్చుకున్నాడు. ఆ సంగతి తల్చుకోని వారం ఉండదు. నోరీన్ ఏటా సెలవు వారంలో అక్కగారితో కలిసి బ్లాక్‌పూల్ సముద్రానికి వెళ్ళేది. ఒక ఏడు అక్కగారికి కాలు విరిగింది. బస్సు టిక్కెట్లు రెండూ అలమారలో పింగాణీ కుక్క బొమ్మకి ఆనించి ఉన్నాయి. రెండు రోజులు అవి అలాగే ఉన్నాక నోరీన్ భోజనం దగ్గర, "మిస్టర్ నట్టాల్, మీకు సముద్రం గాలి పడుతుందా?" అని అడిగింది. క్లిఫర్డ్ ఆలోచించి, పడదని చెప్పాడు. ఉప్పు గాలికి మేకులు తుప్పు పడతాయని, ఆ ఊళ్ళో కప్పులు వేసేవాళ్ళు రాగి మేకులే వాడతారని కూడా చెప్పాడు. నోరీన్ విని, అలాగా అంది. ఒక టిక్కెట్టు పక్కింటావిడకి ఇచ్చింది. నోరీన్ ఎందుకు అడిగిందో అతనికి అర్థమయ్యేసరికి ఆవిడ బ్లాక్‌పూల్ వెళ్ళి, తిరిగి వచ్చి, తెచ్చిన మిఠాయి పుల్ల కూడా అతని చేతిలో పెట్టేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో క్లిఫర్డ్‌కి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే ఈసారి ప్రశ్న అతని పనికి సంబంధించింది. సముద్రం గాలి గురించి తడబడ్డాడంటే సరే, పైకప్పు గురించి తడబడతాడా? కొప్పు మీద కూర్చుని, చివరి అంచు సుత్తితో తట్టి అణుస్తూ, అతను గట్టిగానే అన్నాడు: "తీసేద్దామండీ." పొగగొట్టం మీద వాలిన కాకి ఎగిరిపోయింది. మళ్ళీ అన్నాడు. రెండోసారి నోటికి కొంచెం అలవాటైంది.

డారెన్ మధ్యాహ్నం వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, లావుపాటి మెడ, పెన్సిల్ ఎప్పుడూ చెవి మీదే. ఇలాంటి అటక గదులు లోయ నిండా కట్టినవాడు, పని తెలిసినవాడు. ఇద్దరూ నిచ్చెన మీదుగా అటకలోకి దూరారు. మొదట డారెన్, వెనక క్లిఫర్డ్ మోకాళ్ళు తిట్టుకుంటూ. దుమ్ము, పాత ఊలు దిమ్మల వాసన, క్రిస్మస్ చెట్టు పెట్టె, జానిస్ చిన్ననాటి బొమ్మల బండి. డారెన్ లైటు పైకి వేశాడు. వాసాల మధ్య నల్లపట్టా కొంచెం కిందికి వదులుగా వేలాడుతోంది. అలాగే వేలాడాలి, బిగించి కొట్టేవాడు పని రానివాడు.

డారెన్ బొటనవేలితో అక్కడక్కడ నొక్కి చూశాడు. నడుమంతా గట్టిగా ఉంది. చూరు వైపు పాక్కుంటూ వెళ్ళి అంచు పట్టి లాగితే, అక్కడ మాత్రం ఎండకీ చలికీ మాడి బిస్కెట్టులా విరిగి చేతిలోకి వచ్చింది.

"చూరు పోయింది. నడుము బాగుంది," అన్నాడు డారెన్. "చూరు మటుకు కొత్త ముక్కలేసి నడిపించొచ్చు. లేదా మొత్తం ఊడపీకొచ్చు. మా అమ్మ ఇల్లయితే పీకేస్తా. కానీ పీకితే డబ్బులు నాకే కదా, అందుకని నన్నడక్కు పెద్దాయనా."

"ఊఁ."

"లే, ఒకసారి నిలబడు."

క్లిఫర్డ్ సరిగ్గా కొప్పు కింద నిలబడ్డాడు. డారెన్ ఒక దిమ్మ ముక్క తెచ్చి, రెండంగుళాల చెక్క అడ్డుపెట్టి వాసాలకి ఆనించి పట్టుకున్నాడు. కింద మరో చెక్క పెట్టి, గది నేల ఎంత పైకి లేస్తుందో చూపించడానికి క్లిఫర్డ్‌ని దాని మీద ఎక్కమన్నాడు. ఎక్కితే నడినెత్తి దిమ్మకి తగిలింది, మెడ వంచాల్సి వచ్చింది. అడ్డుచెక్క తీసేసి దిమ్మని పైకి నెట్టాడు డారెన్. క్లిఫర్డ్ మెడ ఎత్తాడు. వెంట్రుకలు రాసుకున్నాయి, అంతే. నిటారుగా నిలబడ్డాడు. ఎదురుగా వెలుతురు కిటికీ వస్తుందని డారెన్ గీత గీసిన చోటు కనిపిస్తోంది. అక్కడ కిటికీ పెడితే మంచం మీద నుంచే లోయ అవతల గట్టు కనిపిస్తుందని, కింద మంచం పడుతుందని, పక్కన చిన్న అలమార కూడా పడుతుందని అతని కళ్ళు వాటంతటవే కొలుచుకున్నాయి.

"చూశావుగా," అన్నాడు డారెన్. "ఉంచితే పిల్లలకి గది. తీస్తే మనిషికి గది. ఆవిడ నన్ను అడగలేదు, నీ మాటే ఆఖరి మాట అంది. రాత్రిలోగా ఫోన్ చేయించు."

డారెన్ దిగి వెళ్ళాక క్లిఫర్డ్ కాసేపు అక్కడే కూర్చున్నాడు. లైటు వెలుగులో నడిమి వాసం మీద పెన్సిల్ గీతలు కనిపించాయి. పైకప్పు విప్పినవాడు మూసే ముందు లోపల వాసం మీద తన పేరు, సంవత్సరం రాసి పెట్టడం ఆ లోయలో పాత ఆచారం. మళ్ళీ ఎవరైనా విప్పేదాకా దాన్ని చూసేవాళ్ళుండరు, అయినా రాస్తారు. క్లిఫర్డ్ పేరు ఊరి నిండా ఎన్ని కప్పుల కింద ఉందో అతనికే లెక్క లేదు. ఇక్కడ రెజ్ యాష్‌వర్త్ అని ఉంది. దాని కింద బోలెడు చోటుంది.

అక్కడే అతని బుద్ధి అడ్డం తిరిగింది. పట్టా తీయించమంటే ఏమవుతుంది? తను ఉండటానికి గది కావాలని, ఒక విధవరాలి డబ్బుతో బాగున్న కప్పు ఊడదీయించినట్టవుతుంది. పనికిమాలిన మరమ్మతులు చెప్పి ముసలాళ్ళని ముంచే పనివాళ్ళని అతను జన్మంతా అసహ్యించుకున్నాడు. అలాంటివాడు ఒకడు ఎదురైతే వీధి మారి నడిచేవాడు. తనూ అదే పని చేస్తాడా? పైగా ఇది రెజ్ చేతి పని. పోయినవాడి భార్య చేతి టీ తాగుతూ, పోయినవాడి గోడల మధ్య పడుకుంటూ, ఆఖరికి పోయినవాడి కప్పు కూడా పీకించడమా? చూరు మాడిందన్నది నిజం. నడుము గట్టిగా ఉందన్నదీ నిజం. రెండు నిజాల్లో తనకి లాభం లేని నిజాన్ని ఎంచుకోవడమే నిజాయితీ అని క్లిఫర్డ్ నమ్మాడు. అందులో సగం నిజాయితీ, మిగతా సగం భయం. అడిగి కాదనిపించుకోవడం కంటే అడక్కుండా పోగొట్టుకోవడం అతనికి తేలిక.

సాయంత్రం అతను మొహం కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. బంగాళదుంపలూ మాంసమూ కూర్చి కాల్చిన రొట్టె, వెనిగర్‌లో ఊరిన ఎర్ర క్యాబేజీ. నోరీన్ జుట్టు రోలర్లు విప్పి వంకీలు తిప్పుకుంది. గౌను మార్చింది. ఏ పెళ్ళికీ వెళ్ళలేదు. అది చూసి క్లిఫర్డ్‌కి ఏదో తోచినట్టే అయింది గానీ, తోచింది నిలవలేదు.

ఆవిడ అతని పళ్ళెంలో వడ్డించి, తన పళ్ళెంలో వడ్డించుకోకుండా కూర్చుంది.

"చూశారా?"

"చూశానండీ."

"ఎలా ఉంది?"

"మీ ఆయన బాగా వేశారండీ. నడుమంతా గట్టిగా ఉంది. చూరు దగ్గర కాస్త మాడింది, అక్కడ ముక్కలేస్తే సరిపోతుంది."

"అంటే తియ్యక్కర్లేదంటారు."

"ఇంకో పదేళ్ళు ఢోకా లేదండీ."

నోరీన్ ఫోర్కు తీసి గుడ్డ మీద అడ్డంగా పెట్టింది, మళ్ళీ నిలువుగా పెట్టింది.

"పాతదే కదా మిస్టర్ నట్టాల్. రెజ్ వేశాడని నేను పట్టుకుని వేలాడను. తీసేస్తే నేనేం బాధపడను."

"మీకు ఊరికే ఖర్చండీ."

"ఖర్చు సంగతి నేనడగలేదు." ఆవిడ గొంతు కొంచెం గట్టిగా వచ్చింది, వెంటనే తగ్గించుకుంది. "తీస్తే బాగుంటుందా అని అడుగుతున్నా."

ఇంతకంటే ఆడమనిషి ఏం అడగాలి? ఆ లోయలో ఇంతకంటే ఎక్కువ అడిగినవాళ్ళని ఎవరూ ఎరగరు. పొద్దున కాకి విన్న మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. రొట్టె ముక్క ఒకటి నోట్లో ఉంది. అతను దాన్ని నమిలాడు, మింగాడు, నీళ్ళు తాగాడు.

"అవసరం లేని పని చెప్పి బాగున్న కప్పు విప్పించడం నాకు చేతకాదండీ," అన్నాడు. "ఉంచేద్దాం."

నోరీన్ గుడ్డ మీది ఫోర్కు తీసి పక్కన పెట్టేసింది. తర్వాత, సరే, మీరన్నారంటే అంతే కదా అంది. లేచి వెళ్ళి డారెన్‌కి ఫోన్ చేసింది. నడవలో నుంచి ఆవిడ మాట స్పష్టంగా వినిపించింది: ఉంచేస్తున్నాం నాయనా, పిల్లల గదే. తిరిగి వచ్చి, ఎర్ర క్యాబేజీ ఇంకొంచెం వేయనా అని అడిగింది. క్లిఫర్డ్ వేయమన్నాడు. వేయించుకున్నందుకు మొత్తం తిన్నాడు.

రేపు చెబుదామనుకున్నాడు. ఆదివారం నోరీన్ చర్చికి వెళ్ళి, అటు నుంచి అక్కగారింటికి వెళ్ళి, పొద్దుపోయాక వచ్చింది. సోమవారం పొద్దున్నే డారెన్ మనుషులు దిమ్మలు మోసుకుని మెట్లెక్కారు.

ఆ పనిలో క్లిఫర్డ్ కూడా చెయ్యి వేశాడు. చూరు పొడుగునా కింది వరసల పలకలు ఎత్తి కొత్త ముక్కలు అతనే అమర్చాడు. వాసం వాసానికీ రెండంగుళాల ఖాళీ సరిగ్గా ఉందో లేదో అతనే చూశాడు. చూరు నుంచి కొప్పు దాకా గాలి ఆడుతోందని చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అంత శుభ్రంగా చేసిన పని అతని జీవితంలో కొద్దిగానే ఉంది. వాసం మీద పేరు రాయలేదు. విప్పినవాడు రాస్తాడు, అతను విప్పలేదు. జిప్సం పలకలు వేసి మూసేశాక రెజ్ పేరు లోపలే ఉండిపోయింది. గదికి డారెన్ మనుషులు గులాబీ రంగు వేశారు.

బరీ ఊళ్ళో ఒక చేపల కొట్టు మీద గది దొరికింది. దొరికిందని చెప్పినప్పుడు నోరీన్, ఎండ వస్తుందా ఆ గదికి అని అడిగింది. పొద్దున పూట వస్తుందని చెప్పాడు. అది కూడా అడిగినదానికే జవాబు. జానిస్ మంచి పిల్ల. అంకుల్, మా వల్లే కదా మీరు వెళ్ళాల్సి వస్తోంది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదేం లేదమ్మా అన్నాడు. నిజమే, ఆ పిల్ల వల్ల కాదు. ఎవరి వల్లో అతనికి తెలుసు. రాత్రిళ్ళు పక్క మీద మసలుతూ, ఆ బల్ల దగ్గరి మాటల్ని మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ మళ్ళీ నడిపించుకునేవాడు. ప్రతిసారీ తన వంతు వచ్చేసరికి సరైన జవాబే చెప్పేవాడు.

వెళ్ళే రోజు డారెన్ తన వ్యాను తెచ్చి ముందు వీధిలో ఆపాడు. సామాను ఏముంది, రెండు సూట్‌కేసులు, పనిముట్ల సంచీ, నిచ్చెనలు. నోరీన్ రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టి కాగితంలో చుట్టి ఇచ్చింది. పిల్లలిద్దరూ పై కిటికీలో నుంచి చేతులూపారు. అంతా ఎక్కించాక, కప్పు మీదికి వేసే కొక్కేల నిచ్చెన ఒకటి పెరట్లో పాత బొగ్గుల కొట్టులో ఉండిపోయిందని క్లిఫర్డ్‌కి గుర్తొచ్చింది. ఇల్లు గ్యాసుకి మారాక ఆ కొట్టు తలుపు తెరిచే పనే ఎవరికీ లేదు. గడియ తుప్పు పట్టినా సులువుగానే వచ్చింది. ఈ మధ్య ఎవరో తీసినట్టుంది.

నిచ్చెన గోడకి ఆనించి ఉంది. దాని వెనక, పాత దుప్పటి కప్పి, మనిషి నడుమెత్తు చుట్ట ఒకటి నిలబెట్టి ఉంది. దుప్పటి కొంచెం జారి ఉంది. క్లిఫర్డ్ దాన్ని పక్కకి తొలగించాడు. బూడిద రంగు పట్టా, ఆవిరి వదిలే రకం, మంచి కంపెనీది, ప్లాస్టిక్ కూడా విప్పలేదు. వెడల్పు రకం చుట్ట. ఆ చిన్న ఇంటి కప్పుకి ఒక్కటే సరిపోతుంది. ఆ కొలత అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వెనక అడుగుల చప్పుడైంది. నోరీన్ పెరటి గుమ్మంలో నిలబడి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటోంది. చేతులు తడిగా లేవు.

"దుకాణంవాడు వెనక్కి తీసుకోనన్నాడు," అంది.

"ఎప్పుడు కొన్నారు?"

"మిమ్మల్ని అడిగే ముందు."

క్లిఫర్డ్ చుట్ట మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలి. ఈ క్షణమైనా అనాలి. పైన గులాబీ గదిలో పిల్లలు పరిగెడుతున్న చప్పుడు కిందికి వినిపిస్తోంది. ముందు వీధిలో డారెన్ ఒకసారి హారన్ కొట్టాడు.

"నాకు చెప్పలేదేంటండీ?"

"మీ పని అదే కదా. చూస్తే మీకే తెలుస్తుందనుకున్నా."

చెప్పాల్సినవి చాలానే ఉన్నాయి. బయటికి వచ్చింది మాత్రం ఒక్కటే.

"మంచి రకం కొన్నారండీ."

నోరీన్ నవ్వబోయింది, నవ్వలేదు. తల పక్కకి తిప్పుకుని, "వెళ్ళిరా నాయనా," అంది. ఇన్నేళ్ళలో అలా పిలవడం అదే మొదలు. వీధిలో ఎవరినైనా పిలిచే ఆ పిలుపు తనదాకా వచ్చిందంటే తను ఆ ఇంటి మనిషి కావడం ఆ నిమిషంతో అయిపోయిందని క్లిఫర్డ్‌కి అర్థమైంది. జీవితంలో అడక్కుండానే, ఆలస్యం లేకుండా అర్థమైన మాట అదొక్కటే. నిచ్చెన భుజానికెత్తుకుని, వెనక సందులోంచి వ్యాను వైపు నడిచాడు. వ్యాను మలుపు తిరిగేటప్పుడు డారెన్ ఏదో జోకు వేశాడు, అతను నవ్వాడు కూడా. బరీ చేరేదాకా ఒళ్ళోని రొట్టె పొట్లం విప్పలేదు.

తర్వాత చలికాలాల్లో, చేపల కొట్టు పై గదిలో కాళ్ళకి గుడ్డ చుట్టుకుని కూర్చున్నప్పుడు, అతను వాటర్‌ఫుట్‌లో వానని తల్చుకునేవాడు. ఆ ఇంటి కప్పు గురించి అతనికి దిగులు లేదు. పట్టా గట్టిగానే ఉంది, గాలి ఆడుతూనే ఉంది, వాసాలు పొడిగానే ఉంటాయి. తను చెప్పినదంతా నిజమే అయింది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టేది.

బొగ్గుల కొట్టులో, మూలకి జారిన పాత దుప్పటి పక్కన, ఆ పట్టా చుట్ట ప్లాస్టిక్ విప్పకుండా అలాగే నిలబడి ఉంది.